ఉతమారోనా, ఎయిషీనా, ఎయిసెనా? ఓయిరాన్ బొమ్మ కొనేముందు

గోడకి జపాన్ బొమ్మ పెట్టుకుందామనుకునేవాళ్లలో ఎక్కువమంది హొకుసాయ్ గీసిన పెద్ద అల దగ్గర ఆగిపోతారు. ఇంకొంచెం వెతికితే అలాగే చెక్క అచ్చులతో కాగితం మీద వేసిన ఆడవాళ్ల బొమ్మలు కనిపిస్తాయి. పెద్ద కొప్పు, దాని చుట్టూ కిరణాల్లా గుచ్చిన పిన్నులు, పొరలు పొరలుగా కిమోనో. అమ్మేవాళ్లు కింద "గీషా" అని, అంటే ఆటపాటలతో వినోదం ఇచ్చే స్త్రీ అని, రాసేస్తారు. చాలాసార్లు అది తప్పు. ఆ బొమ్మల్లో చాలా ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, యోషివారా అనే వేశ్యావాటికలో బతికిన స్త్రీలవి. వాళ్లలో పై వరస వాళ్లని ఓయిరాన్ అనేవారు.

ఈ బొమ్మలంటే నాకు ప్రాణం. కొన్ని కొన్నాను, ఒకసారి మోసపోయాను కూడా. ఎవరైనా "ఒక్కటి కొనుక్కోవాలి, ఏది కొనమంటావు?" అని అడిగితే నేను ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. ఎవరు గీసింది కావాలి? ఎలాంటి ప్రతి కావాలి? మొదటిది మనసుకి సంబంధించింది, రెండోది జేబుకి, మీ ఇంట్లో పడే వెలుతురుకి సంబంధించింది. రెండూ కలిపి ఆలోచిస్తే గందరగోళమే మిగులుతుంది, అందుకే విడివిడిగా చెబుతాను.

అంతకన్నా ముందు, బొమ్మలో ఉన్నది ఓయిరానో కాదో పోల్చుకోవడం తెలియాలి. నడుముకి కట్టే వెడల్పాటి పట్టీని ఓబి అంటారు. ఓయిరాన్ దాని ముడిని ముందుకి, పెద్దగా, బరువుగా కట్టుకుంటుంది. గీషా వెనక్కి కట్టుకుంటుంది, జుట్టులో పిన్నులు కూడా తక్కువే. అయితే ముడి ముందుకి ఉన్న ప్రతి స్త్రీ ఓయిరాన్ కాదు, పెళ్లైన ఆడవాళ్లు అలా కట్టుకున్న కాలాలూ ఉన్నాయి. ముడితో పాటు పక్కన ఒకే రకం బట్టలేసుకున్న ఇద్దరు చిన్నపిల్లలు ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఓయిరాన్‌కి సేవ చేసే ఆ పిల్లల్ని కమురో అంటారు. చలికాలంలో కూడా మేజోళ్లు లేని ఒట్టి పాదాలు ఇంకో గుర్తు. ఉతమారో గీసిన ప్రసిద్ధ సుందరుల్లో ఓకితా, ఓహిసా అనే ఇద్దరు టీ దుకాణాల అమ్మాయిలు. వాళ్ల బొమ్మని ఓయిరాన్ బొమ్మగా అమ్మితే అమ్మేవాడికి విషయం తెలియదన్నమాట.

ఆ కమురోల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. వాళ్లు ఏడెనిమిదేళ్ల వయసులో పేద తల్లిదండ్రులు అమ్మేసిన పిల్లలు. ఓయిరాన్లలో చాలామంది అలా వచ్చినవాళ్లే. యోషివారాకి 1617లో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 1657లో ఎడోని కాల్చేసిన పెద్ద అగ్నిప్రమాదం తర్వాత దాన్ని ఊరి చివర, అసకుసా గుడి వెనక పొలాల్లోకి మార్చారు. చుట్టూ కందకం, రాకపోకలకి ఒకటే పెద్ద ద్వారం. దానికి దగ్గర్లోని మినోవాలో జోకాన్‌జి అనే గుడి ఉంది, దిక్కులేకుండా చనిపోయిన యోషివారా స్త్రీలని అక్కడికి తెచ్చి వదిలేసేవారు. అక్కడ చేరినవాళ్లు 25,000 మంది అంటారు. బొమ్మల్లో కనిపించే పట్టుబట్టల ఖర్చు కూడా ఆ అమ్మాయి అప్పు ఖాతాలోకే వెళ్లేది. ఇది తెలిశాక కూడా బొమ్మ అందంగానే ఉంటుంది. కానీ ఏ బొమ్మ ఆమెని మనిషిగా చూసింది, ఏది బట్టల బొమ్మగా చూసింది అన్న తేడా మనకి కనపడటం మొదలవుతుంది. నేను ఎంచుకునేది ఆ తేడాని బట్టే.

ఎవరు గీసింది?

వీటిని చూసి ఫలానా మనిషి పోర్ట్రెయిట్లు అనుకుంటాం గానీ, ముఖాలు పోలికకి గీసినవి కావు. ఒక్కో చిత్రకారుడికీ ఒక్కో ముఖం అచ్చు ఉంటుంది. అందరికీ అదే కళ్లు, అదే ముక్కు. పేర్లు కూడా వారసత్వంగా వచ్చేవే. యోషివారాలో ఓగియా అనే వేశ్యాగృహంలో హనాఓగి అన్న పేరు ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చారు. కాబట్టి బొమ్మ మీద పేరు ఉన్నంత మాత్రాన ఆమె ముఖం మనకి దొరికినట్టు కాదు. దొరికేది ఒక భంగిమ, ఒక క్షణం.

నన్ను ఒక్కటే చెప్పమంటే కితగావా ఉతమారో. ఆయన 1806లో పోయాడు, మంచి పనంతా 1790లలో చేశాడు. ఒంటిని వదిలేసి తల, భుజాల వరకే కాగితం నిండా గీసే పద్ధతిని ఆడవాళ్ల బొమ్మల్లోకి తెచ్చింది ఆయనే. వెనక గోడలూ చెట్లూ ఏమీ ఉండవు. కొన్ని బొమ్మల్లో వెనకంతా అభ్రకం పొడి అద్ది మెరిసేలా చేశారు. గూడూరు వైపు వాళ్లకి అభ్రకం మెరుపు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బొమ్మని కాస్త వంచితే ఆ మెరుపు కదులుతుంది, ఫోటోలో అది ఎప్పటికీ రాదు.

కానీ నేను కొనమనేది ఆయన పెద్ద తలల బొమ్మలు కాదు. 1794 ప్రాంతంలో గీసిన "యోషివారాలో పన్నెండు గడియలు" వరసలో ఒకటి. అప్పట్లో జపాన్‌లో రోజుని పన్నెండు భాగాలు చేసి ఎలుక, ఎద్దు, పులి అంటూ జంతువుల పేర్లతో పిలిచేవారు. ఒక్కో గడియకి ఒక బొమ్మ, బొమ్మ పేరేమో వేలాడే గడియారం ఆకారంలో రాసి ఉంటుంది. కుక్క గడియ, అంటే రాత్రి ఎనిమిది. ఓయిరాన్ పొడవాటి ఉత్తరం రాస్తూ మధ్యలో ఆపి వెనక్కి తిరిగి కమురో చెవిలో ఏదో చెబుతోంది. కుందేలు గడియ, తెల్లవారి ఆరు. వెళ్లిపోతున్న విటుడికి పై కోటు అందిస్తోంది. బయట సాదాగా ఉన్న ఆ కోటు లోపలి గుడ్డ మీద దారుమా బొమ్మ, అంటే మన బోధిధర్ముడి బొమ్మ, వేసి ఉంది. విటుడు బొమ్మలో లేడు.

ఎద్దు గడియ చూడండి. అర్ధరాత్రి దాటాక రెండు. నిద్రలోంచి లేచిన స్త్రీ ఒక చేతిలో వెలుగుతున్న కాగితం వత్తి, ఇంకో చేతిలో కాగితాలు పట్టుకుని, పాదంతో చెప్పు కోసం వెతుక్కుంటోంది. కిమోనో భుజం మీదనుంచి జారుతోంది, కొప్పు కాస్త వదులైంది, కళ్లు సగం మూసే ఉన్నాయి. అలంకారం లేదు, చూసేవాళ్ల కోసం నవ్వు లేదు. మా అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చినప్పుడు దీని ముందు కాసేపు నిలబడి, "ఎవరమ్మా ఈవిడ? పాపం, నిద్ర చాలినట్టు లేదు" అన్నారు. ఆమెకి యోషివారా గురించి ఎవరూ చెప్పలేదు. రెండు వందల ఏళ్ల నాటి బొమ్మ భాష దాటి అంత సూటిగా చేరింది.

చోబున్‌సాయ్ ఎయిషీది ఇంకో దారి. ఆయన సమురాయ్ కుటుంబంలో పుట్టి, ఆ కొలువు వదులుకుని బొమ్మలు గీసినవాడు. ఉతమారోకి సమకాలికుడు, పోటీదారు. ఎయిషీ ఓయిరాన్లు సన్నగా, నిటారుగా, దేవతల్లా కూర్చుంటారు. లేత పసుపు నేపథ్యం, చేతిలో కుంచె గానీ పుస్తకం గానీ. ఎర్రరంగు దాదాపు మానేసి ఊదా, బూడిద, పసుపు మాత్రమే వాడిన బొమ్మలు కూడా ఆయన చేశాడు, అవి చాలా చల్లగా ఉంటాయి. చదువుకునే గదికి ఎయిషీ బాగా నప్పుతాడు. నా అభ్యంతరం ఒక్కటే. ఆయన స్త్రీలకి అలసట లేదు, చెమట లేదు. ఆయన గౌరవం ఇచ్చాడనేవాళ్లున్నారు, నేను కాదనను. కానీ ఆ గౌరవం వల్ల మనిషి కాస్త దూరమైంది.

గోడ పెద్దదైతే తొరీ కియొనగా. 1780లలో ఆయన పొడుగాటి స్త్రీలని రెండు, మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి గీశాడు. షినగావాలో సముద్రం కనిపించే వసారాలో గాలి పీల్చుకుంటూ నిలబడ్డ స్త్రీల బొమ్మలు ఆయన మంచి పనిలో ఉన్నాయి. యోషివారాలా అనుమతి ఉన్న చోటు కాదది, ఎడో నుంచి క్యోటోకి వెళ్లే తొకాయ్‌దో రహదారి మీద మొదటి మజిలీ. వాటిలో గాలి ఆడుతుంది. ఒక్క కాగితం విడిగా కొంటే మాత్రం సగం వాక్యం చదివినట్టు ఉంటుంది.

ఇసొదా కొర్యూసాయ్ 1770లలో మొదలుపెట్టిన ఓయిరాన్ వరసలో వందకి పైగా బొమ్మలున్నాయి. కొత్త సంవత్సరం ఫ్యాషన్లు చూపించడం దాని పని. ఓయిరాన్, ఇద్దరు కమురోలు, కొత్త డిజైన్ కిమోనోలు, అంతే. చీరల డిజైన్లంటే ఇష్టం ఉన్నవాళ్లకి, టెక్స్‌టైల్ పని చేసేవాళ్లకి ఇదే సరైన ఎంపిక. మిగతావాళ్లకి నాలుగు చూశాక అన్నీ ఒకటే అనిపిస్తాయి. ఆయనవే స్తంభాలకి తగిలించే సన్నటి బొమ్మలు వేరే సంగతి. సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తు, 12 సెంటీమీటర్ల వెడల్పు. తలుపు పక్కన మిగిలిపోయిన గోడముక్కకి అంతకన్నా బాగా కుదిరేది లేదు.

సుజుకి హరునొబు 1765లో అనేక రంగుల అచ్చు మొదలైనప్పటి మనిషి. ఆయన స్త్రీలు చిన్నపిల్లల్లా నాజూగ్గా ఉంటారు. నాకు ఇష్టమే, కానీ ఓయిరాన్ బతుకు వాటిలో వెతకొద్దు.

కెయిసాయ్ ఎయిసెన్ 1820, 30లలో గీసినవి వీటన్నిటికీ భిన్నం. మెడ ముందుకి వంగి, ఒళ్లు బరువుగా, కళ్లు ఏటవాలుగా, బట్టల మీద డ్రాగన్లు. చాలామంది విమర్శకులు ఈ కాలాన్ని దిగజారుడు కాలం అన్నారు, నాకు ఆ మాట అన్యాయం అనిపిస్తుంది. అంత బరువు మోస్తున్న మనిషి నిటారుగా ఎలా నిలబడుతుంది? ఆ బరువుని ఎయిసెన్ దాచలేదు. ఆయన గీసిన ఒక ఓయిరాన్ 1886లో ఒక పారిస్ పత్రిక ముఖచిత్రంగా, అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చయింది. దాన్ని చూసి డచ్ చిత్రకారుడు వాన్ గో 1887లో పెద్ద తైలవర్ణ చిత్రం వేశాడు. చుట్టూ కప్పలు, కొంగలు పెట్టాడు, ఎందుకంటే ఆ రెండు మాటలూ అప్పటి పారిస్ వీధిభాషలో వేశ్యలకి వాడేవి. అందుకే ఎయిసెన్ పేరు వినకపోయినా ఆ బొమ్మ మీరు చూసే ఉంటారు. కొత్తగా వచ్చిన ప్రష్యన్ నీలంతో మొత్తం ఒకే రంగులో చేసిన ఆయన బొమ్మలు ఇంట్లో పెట్టుకోవడానికి తేలిక. తెల్లగోడ మీద నీలం నిలుస్తుంది, వెలిసిపోయే భయం కూడా తక్కువ.

ఎలాంటి ప్రతి?

ఇక్కడ మీ డబ్బు పోయేది, మిగిలేది.

పెడన కలంకారీ అచ్చులు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క. జపాన్‌లో ఆ చెక్క చెర్రీ చెట్టుది, అచ్చు పడేది గుడ్డ మీద కాదు, కోజో అనే చెట్టు బెరడుతో చేసిన కాగితం మీద. చిత్రకారుడు గీస్తాడు, ఒకరు చెక్కుతారు, ఇంకొకరు అచ్చు వేస్తారు, ప్రచురణకర్త డబ్బు పెడతాడు. ఉతమారోకి పేరు తెచ్చిన ప్రచురణకర్త త్సుతయా జూజబురో యోషివారాలోనే పుట్టినవాడు, ఆ ద్వారం పక్కనే దుకాణం మొదలుపెట్టాడు. అప్పట్లో ఒక ప్రింటు ధర ఇంచుమించు ఒక గిన్నె నూడుల్స్ ధర. కాబట్టి అసలు ప్రతి అంటే ఒక్కటే ఉన్న పెయింటింగ్ కాదు, ఆనాటి చెక్కలతో ఆనాడే తీసిన ప్రతుల్లో ఒకటి.

మంచి స్థితిలో ఉన్న ఉతమారో అసలు ప్రతి లక్షల రూపాయల మాట. దాన్ని మర్చిపోండి. ఎయిసెన్, ఆయన కాలపు చిత్రకారుడే అయిన కునిసదా, వీళ్ల అసలు ప్రతులు మాత్రం వేలల్లో కూడా దొరుకుతాయి, ఎందుకంటే అవి లెక్కలేనన్ని అచ్చయ్యాయి, చాలా మిగిలాయి. "అసలుదే కావాలి, పాతకాగితం చేత్తో పట్టుకోవాలి" అనేవాళ్లు ఉతమారో మోజు పక్కన పెట్టి ఇటు రావాలి. కస్టమ్స్ సుంకం ఎంత పడుతుందో ముందే కనుక్కోండి.

నేను మోసపోయింది ఇక్కడే. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు "19వ శతాబ్దపు అసలు ప్రతి" అని పంపింది తీసుకున్నాను. రెండు నెలల తర్వాత ఫ్రేమ్ కట్టించడానికి తీసి, పక్కనే ఉన్న భూతద్దంతో బుగ్గ దగ్గర చూశాను. పత్రికల్లో ఫోటోకి ఉండేలాంటి చిన్నచిన్న రంగు చుక్కలు! వాపసు గడువు దాటిపోయింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అందుకే ఇది ముందే చేయండి. భూతద్దం పెడితే చుక్కలు కనపడకూడదు, రంగు కాగితంలోకి ఇంకినట్టు ఉండాలి. వెనక్కి తిప్పితే రంగు నీడలా కనిపించాలి, అచ్చు వేసేవాడు గట్టిగా రుద్దిన గుండ్రటి గీతలు కనిపించాలి. ఏటవాలు వెలుతురులో చూస్తే కొన్నిచోట్ల రంగు లేకుండా ఒత్తిన నక్షీ పైకి తేలుతుంది. 1790 తర్వాత వచ్చిన చాలా బొమ్మల్లో ఒక చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది, అది ప్రభుత్వ తనిఖీ అయిందన్న గుర్తు. కానీ ముద్రని, సంతకాన్ని నమ్మి కొనొద్దు. తర్వాత చెక్కినవాళ్లు వాటినీ చెక్కారు. ఉతమారో బతికుండగానే ఆయనకి ఎంతమంది నకళ్లు తీశారంటే, ఆయన కొన్ని బొమ్మల మీద "అసలైన ఉతమారో" అని సంతకం పెట్టుకోవాల్సి వచ్చింది.

పాత బొమ్మలని చూసి, 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో కొత్తగా చెక్కి తీసిన ప్రతులు మధ్య రకం. చెక్క అచ్చే, కాగితమూ పాతదే, చూడటానికి బాగానే ఉంటాయి. వాటిని అవేనని చెప్పి అమ్మితే కొనొచ్చు. ఉతమారో బొమ్మలో కళ్లు చెదిరే ఎరుపు, ఊదా ఉంటే అది రసాయన రంగులు వచ్చాక తీసిందేమో అని అనుమానించండి.

నేను ఎక్కువమందికి చెప్పేది ఇవేవీ కాదు. ఇప్పుడు కొత్తగా చెక్కి, పాత పద్ధతిలోనే అచ్చు వేసిన ప్రతి కొనుక్కోండి. టోక్యోలో అదాచి అనే అచ్చు సంస్థ వాళ్లు ఈ పని తరాలుగా చేస్తున్నారు. ఎచిజెన్ ప్రాంతపు చేతికాగితం మీద, చెర్రీ చెక్కలతో. ఫ్రేమ్ లేకుండా పది వేల యెన్‌ల పైమాట. వెలిసిపోయిన అసలు ప్రతిలో మనకి కనపడని రంగులు ఇందులో ఉంటాయి. త్సుతయా దుకాణంలో కొన్నవాడికి ఎలా కనిపించిందో దానికి ఇదే దగ్గర. అసలు కాదు కదా అని చిన్నచూపు చూడక్కర్లేదు, ఇది నకలు కన్నా ఎక్కువగా అదే పని మళ్లీ చేయడం.

డబ్బు అంతగా పెట్టలేకపోతే షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సైట్లలో ఈ బొమ్మలు చాలా పెద్ద ఫైళ్లుగా ఉచితంగా దొరుకుతాయి. మెరుపు లేని కాటన్ కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో మంచి ల్యాబ్‌లో తీయించండి. ఒక్క విషయం మాత్రం పట్టుబట్టి చెబుతాను. అసలు సైజులోనే తీయించండి. ఓబాన్ అనే మామూలు సైజు సుమారు 38 సెంటీమీటర్ల ఎత్తు, 25 వెడల్పు. ఇవి చేత్తో పట్టుకుని చూడటానికి చేసిన బొమ్మలు. సోఫా వెనక నాలుగడుగుల పోస్టర్ చేస్తే జుట్టు అంచున చెక్కిన ఒక్కో వెంట్రుక గీత తాడులా కనిపిస్తుంది.

వెలుతురు

అప్పటి గులాబీ రంగు మనం నూనెకి వాడే కుసుమ పూరేకుల నుంచి తీసింది. నీలం కూడా ఒక పూల రసమే. రెండూ వెలుతురుకి నిలవవు, ఆ నీలం కలిసిన ఊదా మట్టిరంగుకి తిరిగిపోతుంది. స్పాల్డింగ్ అన్నదమ్ములు 1921లో బోస్టన్ మ్యూజియానికి 6,000కి పైగా ప్రింట్లు ఇచ్చారు. వాటిని ఎప్పుడూ ప్రదర్శనకి పెట్టకూడదని షరతు పెట్టారు. అందుకే ఆ రంగులు నేటికీ తాజాగా ఉన్నాయి. కొత్తగా అచ్చు వేసిన ప్రతికైనా ఇదే జాగ్రత్త అవసరం. ఎండ పడే గోడ వద్దు. ఫ్రేమ్ కట్టేవాడికి యాసిడ్ లేని మౌంట్ కావాలని, జిగురుతో మొత్తం అంటించొద్దని, అద్దం బొమ్మకి తగలకుండా చూడమని చెప్పండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఊళ్లలో వానాకాలం ఫ్రేమ్ వెనక బూజు పడుతుంది, నెలకోసారి తీసి చూసుకోవాలి.

మా ఇంట్లో రెండున్నాయి. హాల్లో ఎయిసెన్ నీలం బొమ్మ, అది ఏడాదంతా ఉంటుంది. ఎద్దు గడియది మాత్రం పడకగదుల మధ్య నడవలో, పగలు కూడా చీకటిగా ఉండేచోట పెట్టాను. మూడు నెలలు గోడ మీద, తర్వాత మూడు నెలలు బీరువాలో. రాత్రి నీళ్ల కోసం లేచినప్పుడు చిన్న లైటు వేస్తే వత్తి పట్టుకున్న ఆ చెయ్యి ముందు కనిపిస్తుంది, తర్వాత చెప్పు వెతుక్కుంటున్న పాదం.